కేబుల్ వచ్చిన ఇంట్లో హద్దెవరిది?

2020 ఆగస్టు 10న చెన్నై, అండమాన్‌ల మధ్య సముద్రగర్భ కేబుల్ పని మొదలుపెట్టింది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు రూ.1,224 కోట్లు. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి దీవులనూ అది కలిపింది. ప్రారంభోత్సవ ప్రసంగాల్లో పర్యాటకం, బ్యాంకులు, టెలిమెడిసిన్, ఆన్‌లైన్ చదువులు అన్నీ వచ్చాయి. పిల్లల ఆటల సంగతి రాలేదు, రావాలని ఎవరూ అనుకోలేదు కూడా. కానీ ఫీనిక్స్ బేలోని ఒక మామూలు తెలుగింట్లో ఆ తీగ తెచ్చిన పెద్ద మార్పు ఏదంటే, బహుశా అదే.

అంతకుముందు దీవుల్లో నెట్ అంటే ఉపగ్రహం. భూస్థిర ఉపగ్రహం ఉండేది భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల పైన. ఇక్కడ తెర మీద వేలు పెడితే ఆ సంకేతం అంత ఎత్తుకు పోయి, దిగి, జవాబు తీసుకుని అదే దారిన తిరిగి రావాలి. కాంతి వేగంతో వెళ్లినా అర సెకను పడుతుంది. వాట్సాప్‌లో ఫొటో పంపడానికి అర సెకను లెక్కలోది కాదు. తుపాకీ పేల్చే ఆటలో అది చావు. పిల్లల మాటలో చెప్పాలంటే పింగ్, అంటే సంకేతం వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, వందల్లో ఉంటే ఆట ఆడలేం, ల్యాగ్‌తోనే పోతాం. కేబుల్ వచ్చాక చెన్నైకి వెళ్లి రావడానికి తీగలో కాంతికి పట్టే సమయం సెకనులో నలభయ్యో వంతు కూడా ఉండదు. ఫ్రీఫైర్, బీజీఎంఐ లాంటి తుపాకీ ఆటలు హైదరాబాద్ కుర్రాడితో సమానంగా ఆడగలిగే అవకాశం అండమాన్ కుర్రాడికి నిజంగా దొరికింది ఈ తీగతోనే.

అంటే అప్పటిదాకా ఇక్కడి పిల్లలకు ఆటల మీద ఒక హద్దు ఉండేది. దాన్ని అమ్మ పెట్టలేదు, నాన్న పెట్టలేదు, బడి పెట్టలేదు. దూరం పెట్టింది. ఎవరితోనూ గొడవ లేకుండా, ఎవరి మీదా కోపం రాకుండా అమలైన హద్దు అది. 2020లో అది పోయింది. దాని స్థానంలో ఎవరో ఒకరు కొత్త హద్దు పెట్టాలి కదా. ఆ పని ఎవరిదో అప్పుడు తేలలేదు, అయిదేళ్లు దాటినా తేలలేదు.

కేబుల్ వచ్చిన సమయం కూడా అలాంటిది. 2020 మార్చి నుంచి బడులు మూతపడి ఉన్నాయి. మెయిన్‌ల్యాండ్‌లో 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పటి నుంచి చవక డేటాకు ఇళ్లు మెల్లగా అలవాటు పడ్డాయి. మొదట నాన్న ఫోను, తర్వాత అమ్మ ఫోను, ఆ తర్వాత పిల్లల చేతికి. ఆ మూడు నాలుగేళ్లలో కొన్ని ఇళ్లయినా తప్పులు చేసి, తిట్టుకుని, ఏదో ఒక కట్టడికి వచ్చాయి. దీవుల్లో ఆ వ్యవధే లేదు. వేగం వచ్చిన రోజుల్లోనే బడి ఫోనులోకి దూరింది. పలక ఏదో, ఆటబొమ్మ ఏదో విడదీయలేని వస్తువు ఒకటి పిల్లవాడి చేతికి వచ్చింది. దాన్ని లాక్కుంటే చదువు పోతుంది, ఇస్తే సాయంత్రం పోతుంది.

ఫీనిక్స్ బే ఎలాంటి చోటో తెలియని పాఠకులకు రెండు మాటలు. దీవుల మధ్య తిరిగే పడవలు బయల్దేరే జెట్టీ ఇక్కడే. ప్రభుత్వ మెరైన్ డాక్‌యార్డ్ ఇక్కడే. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును కేంద్రం శ్రీవిజయపురం అని మార్చింది గానీ ఫీనిక్స్ బే ఫీనిక్స్ బేగానే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే దాదాపు యాభై వేల మంది. వాళ్లలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఉన్నాయి. విశాఖ నుంచి ఓడెక్కితే ఇక్కడికి రెండున్నర రోజుల ప్రయాణం. ఓడ మీద పనిచేసే తండ్రి వారాల తరబడి ఇంట్లో ఉండడు. జంగ్లీఘాట్ రేవు నుంచి చేపల వేటకు పోయే తండ్రి ఏ వేళకు వస్తాడో సముద్రం చెప్పాలి. ఇంట్లో ఒక్క తల్లి, ఇద్దరు పిల్లలు, ఒకటో రెండో ఫోన్లు. ఊళ్లో అమ్మమ్మ మొహం చూడాలన్నా ఆ ఫోనే, ఓడ మీదున్న నాన్నతో మాట్లాడాలన్నా ఆ ఫోనే. ‘సెల్లు తీసి అటక మీద పడెయ్యండి’ అని సలహా ఇచ్చేవాళ్లు ఈ ఇంటిని ఎప్పుడూ చూసి ఉండరు.

ఇంకొకటి, గడియారం. అండమాన్ మెయిన్‌ల్యాండ్‌కు తూర్పున ఉంది, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. నవంబరు నెలాఖరులో పోర్ట్‌బ్లెయిర్‌లో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గూట్లో పడుతుంది. ఏడాదిలో మరీ ఆలస్యంగా అస్తమించే జులైలో కూడా ఆరు దాటదు. అదే జులైలో హైదరాబాద్ పిల్లలు ఏడింటి దాకా వెలుతురులో బంతి ఆడుకుంటారు. పైగా ఇక్కడ రెండు రుతుపవనాలు, ఏటా మూడు మీటర్ల వాన. బడి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, ఏదో తిని, బయటికి అడుగుపెట్టేసరికి చీకటి, లేదంటే వాన. అక్కడి నుంచి పడుకునే దాకా నాలుగయిదు గంటలు నాలుగు గోడల మధ్య. పిల్లల స్క్రీన్ సమయం గురించి రాసిన సలహాలన్నిట్లో ‘బయట ఆడుకోనివ్వండి’ అన్న వాక్యం తప్పనిసరిగా ఉంటుంది. ఫీనిక్స్ బేలో దాన్ని పాటించాలంటే ముందు సూర్యుణ్ని ఒప్పించాలి.

ఎంతసేపు, అన్న ప్రశ్నకు శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దు. అయిదేళ్ల దాకా రోజుకు గంట మించొద్దు. పదేళ్ల దాకా రెండు గంటల లోపు. ఆ పైన పదహారు, పద్దెనిమిదేళ్ల దాకా? అక్కడ గంటల లెక్క ఆగిపోతుంది. నిద్ర, చదువు, వ్యాయామం, కుటుంబంతో గడపడం, వీటిని తెర మింగేయకుండా చూసుకోండి అంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లోనే అన్ని వయసులకూ ఒకటే కొలబద్ద అన్న పాత పద్ధతి వదిలేసి, ఏ ఇంటికా ఇల్లు ఒక ప్రణాళిక రాసుకోమంది. వైద్యులు తప్పించుకున్నారని కొందరికి కోపం రావచ్చు. నాకు మాత్రం ఇందులో నిజాయతీ కనిపిస్తుంది. 2017లో ఇంగ్లండ్‌లో లక్షా ఇరవై వేల మంది పదిహేనేళ్ల పిల్లల మీద ప్రిజిబిల్స్కీ, వైన్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం ఉంది. తెర ఓ మోస్తరుగా వాడేవాళ్ల మానసిక స్థితి అసలు వాడనివాళ్ల కంటే అధ్వానంగా ఏమీ లేదు. ఒక స్థాయి దాటాకే కిందికి జారడం మొదలైంది, అదీ కొద్దిగా. సెలవు రోజుల్లో ఆ స్థాయి ఇంకాస్త ఆలస్యంగా వచ్చింది. కాబట్టి రెండు గంటల అయిదు నిమిషాలకు పిల్లవాడు చెడిపోడు, గంటా యాభై అయిదుకు బాగుపడడు.

అయితే గంటలు కాకపోతే మరేం లెక్కపెట్టాలి? ఇక్కడ ఆటల లోపలి నిర్మాణం కాస్త తెలుసుకోవాలి. పెద్దలు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే.

ఫ్రీఫైర్‌లో యాభై మంది దిగుతారు, ఒక మ్యాచ్ పది నిమిషాల చిల్లర. బీజీఎంఐలో వంద మంది, అర గంట దాకా సాగొచ్చు. నలుగురు కలిసి ఒక స్క్వాడ్. నలుగురిలో ఒకడు మధ్యలో పోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, మర్నాడు బడిలో వాడికి మాట పడుతుంది. ‘టైమయిపోయింది’ అని తల్లి ఫోను లాక్కునే క్షణంలో జరిగేది ఇదీ. ఆమె దృష్టిలో ఒక గంట ముగిసింది, వాడి దృష్టిలో ముగ్గురు స్నేహితులను యుద్ధంలో వదిలేసి పారిపోవాల్సి వచ్చింది. వాడి అరుపు సగం దీని గురించే. ‘ఒక్క మ్యాచ్ అమ్మా’ అన్న మాట ఎగ్గొట్టే ఎత్తు కావచ్చు, కానీ అన్నిసార్లూ కాదు. నిమిషాల లెక్క మానేసి మ్యాచ్‌ల లెక్క పెడితే ఈ గొడవలో చాలా భాగం ఉండదు. బడి రోజుల్లో బీజీఎంఐ రెండు మ్యాచ్‌లు, ఫ్రీఫైర్ అయితే నాలుగు. ఆఖరి మ్యాచ్ ఏ వేళ తర్వాత మొదలుపెట్టకూడదో ముందే చెప్పాలి. ఆపే చోటు ఆటలోనే ఉంది, దాన్ని వాడుకోవాలి.

రీల్స్, షార్ట్స్ సంగతి దీనికి పూర్తిగా వేరు. వాటికి మ్యాచ్ లేదు, విరామం లేదు, ముగింపు లేదు. వేలు పైకి జరిపితే ఇంకొకటి. ఆటలో కనీసం నలుగురితో మాట ఉంటుంది, ఓడిపోవడం ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. గేమ్ ఆడే కొడుకును రోజూ తిట్టి, పక్కన షార్ట్స్ చూస్తూ మెదలకుండా కూర్చున్న కూతుర్ని ‘బంగారు తల్లి, అల్లరే లేదు’ అని మెచ్చుకునే ఇళ్లున్నాయి. రెండింటిలో ముందు హద్దు పెట్టాల్సింది ఏదని అడిగితే, చప్పుడు లేనిదానికే అంటాను.

డబ్బు మూడో సంగతి. ఈ ఆటలు ఉచితం. అమ్మకాలన్నీ లోపలే: డైమండ్లు, యూసీలు అనే ఆట నాణేలు, తుపాకులకు రంగులు, బట్టలు, లక్కీ డ్రాలు. 2022లో హైదరాబాద్‌లో పదహారేళ్ల కుర్రాడు ఫ్రీఫైర్ కోసం తల్లి బ్యాంకు ఖాతాల నుంచి విడతలుగా రూ.36 లక్షలు ఖర్చు పెట్టిన సంగతి పోలీసుల దాకా వెళ్లాక బయటపడింది. మొదలైంది పదిహేను వందలతో. మన ఇళ్లలో అంత డబ్బు లేదు కదా అనుకుంటే పొరపాటు. ఓడ జీతం వచ్చిన రోజు రెండు వేలు పోయినా ఆ నెల కిరాణా కొట్టు ఖాతాకు చిల్లే. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం, యూపీఐ పిన్ పిల్లల ముందు కొట్టకపోవడం, పిల్లలు వాడే ఫోనులో బ్యాంకు యాప్ ఉంచకపోవడం: ఇవి చర్చలు అక్కర్లేని పనులు, ఈ రాత్రే చేసేయొచ్చు.

ఇంతా ఇంట్లోవాళ్లే మోయాలా, ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి అనే ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వాలు చేసి చూశాయి. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆన్‌లైన్ ఆటలు మూసేసింది. పిల్లలు పెద్దల గుర్తింపు నంబర్లతో లోపలికి పోయారు. ఆటలు కంప్యూటర్ల నుంచి ఫోన్లకు మారిపోయాయి, ఆ చట్టం ఫోన్ల జోలికి వెళ్లలేదు. చివరికి 2022 ఆరంభంలో దాన్ని ఎత్తేశారు. చైనా ఇంకా గట్టిది. 2019లో మామూలు రోజుల్లో గంటన్నర అంది. 2021 ఆగస్టులో శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అంది. 2019 నిబంధన వచ్చాక వందల కోట్ల గంటల ఆట సమాచారాన్ని పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. మితిమీరి ఆడేవాళ్లు తగ్గారనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. అంత నిఘా ఉన్న దేశంలో పరిస్థితి అది.

మన దగ్గర నిషేధాలు వేరే కారణాలతో వచ్చాయి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీఫైర్ పోయింది దేశ భద్రత పేరుతో, పిల్లల కోసం కాదు. పబ్‌జీ బీజీఎంఐగా తిరిగొచ్చింది, ఫ్రీఫైర్‌కు అన్న లాంటి ఫ్రీఫైర్ మ్యాక్స్ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు పిల్లలు ఫ్రీఫైర్ అంటోంది దాన్నే. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించింది. వాటిని నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి ఈ దారిలో ముందే నడిచాయి. మంచి చట్టమే, రమ్మీ అప్పులతో మనిషి ఉరి వేసుకున్న ఇళ్లు తెలుగునాట తక్కువ లేవు. కానీ మన పదమూడేళ్లవాడు ఆడేది పందెం ఆట కాదు కాబట్టి ఆ చట్టం వాడి గదిలోకి రాదు. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు పిల్లలకు సామాజిక మాధ్యమాల ఖాతాలు మూసేసింది. అక్కడా ఆటలు చాలావరకు ఆ జాబితాకు బయటే.

బీజీఎంఐలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. పేరుకు ఉంది. వయసు అడిగితే పిల్లవాడు ఏ సంవత్సరం చెబుతాడో అందరికీ తెలుసు. తల్లిదండ్రుల నంబరుకు ఓటీపీ వస్తుంది, ఆ ఫోను వాడి చేతిలోనే ఉంటుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం కూడా పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ధ్రువీకరించుకోవాలి అంది. సియోల్‌లో, బీజింగ్‌లో, ఢిల్లీలో ఎవరు తలుపు పెట్టినా దాని తాళంచెవి చివరికి ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులోనే ఉంది. కాబట్టి తిరిగి తిరిగి ఫీనిక్స్ బే వంటింటికే రావాలి.

తాళాల గురించి కూడా ఒక మాట. గూగుల్ ఫ్యామిలీ లింక్ 2017 నుంచి ఉంది, ఉచితం, రోజుకు ఎంతసేపు, ఏ వేళ ఫోను మూతపడాలి అన్నవి అందులో పెట్టొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతాలు 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ వచ్చాయి, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు ఆపుతాయి. వైఫై ఉన్న ఇళ్లలో రౌటర్‌లోనే వేళలు పెట్టుకోవచ్చు. ఎనిమిదేళ్లవాడికి ఇవి చాలు. పధ్నాలుగేళ్లవాడికి ఇవి ఒక పజిల్ మాత్రమే. పక్కింటి అన్న హాట్‌స్పాట్ ఇస్తాడు, పాత ఫోను ఎక్కడి నుంచో వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచినప్పుడు పాఠాలు తప్ప ఇంకేమీ రాకుండా తాళాలు వేశామని చెప్పింది. ఆ వయసు పిల్లలు తాళాన్ని ఎలా చూస్తారో ఏ ఊళ్లోనైనా సెల్ రిపేరు కొట్టువాణ్ని అడిగితే చెబుతాడు.

ఇక అసలు పని. నా దృష్టిలో ఇంట్లో నిలబడే హద్దులు రెండే, రాత్రి హద్దు, చోటు హద్దు. ఏ వేళ తర్వాత ఇంట్లో ఏ ఫోనూ తెరవకూడదు, ఫోన్లన్నీ ఏ మూల ఛార్జింగుకు పెట్టాలి. అంతే. పిల్లల ఫోను మాత్రమే కాదు, ఏ ఫోనూ. తల్లి సీరియల్ చూస్తూ, తండ్రి సెలవులో వచ్చి మంచం మీద రీల్స్ తిప్పుతూ పిల్లవాడికి పెట్టే నియమం రెండు రోజులు కూడా నిలవదు. ఓడ మీదున్న నాన్న రాత్రి తొమ్మిదిన్నరకు తప్ప కాల్ చేయలేడంటే ఆ ఒక్క ఫోనుకూ మినహాయింపు ఉండాలి, అదీ అందరి ముందు హాల్లో మాట్లాడాలి. నిద్రే ఎందుకు ముఖ్యం అంటే, ఇక్కడ జూన్‌లో అయిదింటికే సూర్యుడు కిటికీలో ఉంటాడు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్న పిల్లవాడికి ఆలస్యంగా లేచే అవకాశం దీవుల వెలుతురు ఇవ్వదు. గంటల లెక్కలో తేడా వచ్చినా నిద్ర లెక్కలో రాకుండా చూసుకుంటే మిగతాది చాలావరకు సర్దుకుంటుంది.

తండ్రి ఊళ్లో లేనప్పుడు ఒక నియమం, వచ్చినప్పుడు ఇంకొకటి అయ్యే ఇళ్లు ఇక్కడ ఎక్కువ. నెలకోసారి ఇంటికొచ్చే మనిషికి పిల్లలతో కాఠిన్యం చూపడం కష్టం. అడిగినంతసేపు ఆడుకోనిస్తాడు, కొత్త ఫోను కూడా కొనిస్తాడు. మర్నాటి నుంచి ఆ తల్లి విలన్. ‘మా గుంటడు నా మాట ఇనడు, ఆళ్ల నాన్న మాటే ఇంటాడు’ అని వాపోయే ఆడవాళ్లకు కావలసింది పెంపకం మీద ఉపన్యాసం కాదు, ఓడ దిగకముందే భర్తతో ఒక మాట ఖాయం చేసుకోవడం.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. హద్దు అన్న పేరుతో ఆడపిల్లకు ఫోనే లేకుండా చేసి, మగపిల్లవాడికి మాత్రం ‘కాస్త తగ్గించరా’ అనే ఇళ్లు మన సమాజంలో తక్కువ కాదు. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల మీద 2024 అసర్ విద్యా సర్వే చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన వాళ్లలో సొంత ఫోను ఉన్నది అబ్బాయిల్లో 36 శాతానికి, అమ్మాయిల్లో 27 శాతానికే. పరువు భయంతో పెట్టే హద్దు, ఆరోగ్యం కోసం పెట్టే హద్దు ఒకటి కావు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల హద్దులుంటే చిన్నది చెల్లెలే అయినా లెక్క ఇట్టే పట్టేస్తుంది.

ఒక ఇల్లు ఎంత చేసినా పక్కిల్లు చేయకపోతే ఫలితం సగమే. ఫీనిక్స్ బే లాంటి ఇరుకు వాడల్లో గోడకు గోడ ఆనుకునే ఉంటుంది. మన ఇంట్లో ఫోను మూసేస్తే వాడు పక్కింటి అరుగు మీద తేలతాడు. అందుకే ఈ విషయంలో నాకు చట్టాల కంటే రెండు చిన్న ఊళ్లు ఎక్కువ ఆసక్తి కలిగించాయి. ఒకటి మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని వడ్‌గావ్. మూడు వేల జనాభా. కోవిడ్ తర్వాత పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారని టీచర్లు మొరపెట్టుకుంటే, 2022 ఆగస్టు 15 నుంచి గ్రామ పంచాయతీ ఒక పద్ధతి పెట్టింది. సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేస్తారు. మొదట్లో మగవాళ్లు నవ్వారట, ఆశా కార్యకర్తలు, టీచర్లు ఇల్లిల్లూ తిరిగి ఒప్పించారు. రెండోది ఐర్లండ్‌లో గ్రేస్టోన్స్ అనే సముద్రతీరపు ఊరు. 2023లో అక్కడి ఎనిమిది ప్రాథమిక బడుల తల్లిదండ్రులు హైస్కూలుకు వెళ్లేదాకా పిల్లలకు స్మార్ట్‌ఫోన్ ఇవ్వకూడదని కలిసి అనుకున్నారు. రెండు చోట్లా జరిమానా లేదు, చట్టం లేదు. ‘అందరికీ ఉంది, నాకే లేదు’ అన్న పిల్లవాడి వాదన నోట్లోనే ఆగిపోయేలా చేశారు, అంతే. ఒక్క వరస క్వార్టర్లలో పది ఇళ్లు కలిసి రాత్రి తొమ్మిది అని ఒక మాట మీద నిలబడితే ఆ పది ఇళ్లలోనూ తల్లులకు రోజూ చేసే యుద్ధం తప్పుతుంది.

ఆ గంటన్నరలో పిల్లలు ఏం చేయాలి అన్నది వడ్‌గావ్‌కు పెద్ద సమస్య కాలేదు, వాళ్లు చదువుకున్నారు. మన దగ్గర చీకటి సాయంత్రాలు అంతకంటే పొడవు. ఇక్కడ పాలనాయంత్రాంగానికి పని ఉంది. లైట్లున్న మైదానం, కప్పున్న ఆటస్థలం, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే గ్రంథాలయం, ఇవి దీవుల్లో విలాసాలు కావు. ఆటల్లో ఈ దీవుల పిల్లల సత్తా తెలియనిదీ కాదు. 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్‌లో దేశానికి తొలి పతకం తెచ్చిన ఎసో అల్బెన్ ఇక్కడివాడే. సైకిల్ ఎక్కించే చోటు చూపిస్తే ఫోను దానంతటదే పక్కకు పోతుందని చెప్పను, అలా పోదు. కానీ చోటే లేకపోతే పోయే ప్రశ్నే లేదు.

ఇవన్నీ దాటి చేయి జారిన పిల్లలు కూడా ఉంటారు. ఆటను ఆపలేకపోవడం, తిండి నిద్రల కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇది ఏడాది పాటు సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రుగ్మతగా గుర్తించింది. 2022 నుంచి అది వ్యాధుల పట్టికలో ఉంది. అలాంటివాళ్లు కొద్దిమందే, వాళ్లకు తిట్లు పనిచేయవు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుంచి ఇందుకోసమే ‘షట్’ క్లినిక్ ఉంది. దీవి నుంచి బెంగళూరు దూరమే, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోను చేయడం మాత్రం దూరం కాదు. పిల్లవాడి మీద చేయి చేసుకుని ఫోను నేలకేసి కొట్టే రాత్రి కంటే ముందే ఆ నంబరు నొక్కాలి.

చివరిగా బడులకు. ఇంట్లో ఎంత గట్టి నియమం పెట్టినా, హోంవర్కు వాట్సాప్ గ్రూపులో రాత్రి ఎనిమిదిన్నరకు వస్తే ఆ నియమానికి అక్కడితో ఆయువు తీరినట్టే. ‘టీచరు పంపారమ్మా, చూడాలి’ అన్నవాడి చేతి నుంచి ఏ తల్లీ ఫోను తీసుకోలేదు. ఆ తర్వాత వాడు చూసేది హోంవర్కే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. కోవిడ్ కాలంలో తప్పనిసరై మొదలుపెట్టిన ఈ అలవాటును బడులు ఎందుకు కొనసాగిస్తున్నాయో అర్థం కాదు, సౌకర్యం తప్ప వేరే కారణం కనిపించదు. హోంవర్కు డైరీలో రాయించి పంపండి. తప్పనిసరిగా వాట్సాప్‌లోనే పంపాలంటే సాయంత్రం అయిదు లోపు, అమ్మానాన్నల నంబరుకు, చదివి చెప్పగలిగినంత చిన్నగా పంపండి. తల్లిదండ్రుల సమావేశంలో ఫీనిక్స్ బే అమ్మలు మొదట అడగాల్సింది ఇదే. మార్కుల సంగతి తర్వాత అడగొచ్చు.